మార్క్‌డౌన్ ఎడిటర్: ముందు ఫైలు ఎక్కడుంటుందో చూడండి

పాల సేకరణ కేంద్రాల్లో వాడే సాఫ్ట్‌వేర్‌కి మాన్యువల్ రాయడం నా పని. దాన్ని మార్క్‌డౌన్‌లో, అంటే శీర్షికలు, పట్టికలు మామూలు గుర్తులతోనే రాసే పద్ధతిలో రాస్తాను. ప్రోగ్రామర్లు చదివే ఏపీఐ భాగం ఇంగ్లీషులో, కేంద్రం నడిపేవాళ్లు చదివే భాగం తెలుగులో. ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (పాలలో కొవ్వు కాని ఘనపదార్థం), లీటరు రేటు పట్టికలు అధ్యాయానికి ఒకటైనా ఉంటాయి.

మొదట వాడిన ఆన్‌లైన్ ఎడిటర్ పేరు చెప్పను. లాగిన్ అక్కర్లేదని సంబరపడి మొదలుపెట్టాను. రాసిందంతా బ్రౌజర్‌లోనే ఉంటుందని గమనించలేదు. ఒక సాయంత్రం బ్రౌజర్ డేటా క్లియర్ చేశాను, నాలుగు రోజుల రాత పోయింది. ఏడుపొచ్చింది. మళ్లీ కూర్చుని రాసి పీడీఎఫ్ తీస్తే తెలుగు ఒత్తులు ఊడి పక్కన పడ్డాయి. రైతుకి ఆ కాగితం ఎలా ఇస్తాం?

అప్పటి నుంచి ఏ ఎడిటరైనా ముందు ఫైలు ఎక్కడ దాస్తుందో చూస్తాను. ఒంటరిగా రాసుకునేవాళ్లకి స్టాక్‌ఎడిట్ అనే ఆన్‌లైన్ ఎడిటర్ బాగుంటుంది, గణిత సూత్రాలు కూడా చక్కగా చూపిస్తుంది. కానీ అదీ రాతను బ్రౌజర్‌లోనే దాస్తుంది, అందుకే మొదటి రోజే గూగుల్ డ్రైవ్‌కో, ఫైళ్లని వాటి మార్పులతో సహా ఆన్‌లైన్‌లో దాచే గిట్‌హబ్‌కో లింక్ చేసుకోండి.

మా టీమ్‌కి మాత్రం హ్యాక్‌ఎండీ అనే ఆన్‌లైన్ ఎడిటర్ ప్రాణం. నేను రాస్తుంటే టెస్టింగ్ చూసే అమ్మాయి అదే పేజీలో స్టెప్పులు సరిచేస్తుంది. ఊళ్లు తిరిగే సర్వీస్ అబ్బాయి "ఇక్కడ క్యాన్ నంబరు ముందు కొట్టాలి మేడం" అని ఆ వాక్యం పక్కనే కామెంట్ పెడతాడు. మెర్మెయిడ్‌తో, అంటే మాటల్లో రాస్తే బొమ్మగా మార్చే పద్ధతితో, ఫ్లోచార్టు గీయొచ్చు. అయితే మూడు కోలన్లతో పెట్టే రంగు పెట్టెలు గిట్‌హబ్‌లో పెట్టెలుగా రావు, వాటిని అక్కడి పద్ధతిలో మళ్లీ రాయాలి. బొమ్మల్ని కూడా వేరే ఫోల్డర్లో దాచుకుని, లింకులు మార్చుకోవాలి.

చివరి ప్రతి గిట్‌హబ్‌లోనే ఉంచుతాం. అక్కడి రిపాజిటరీ (ప్రాజెక్టు ఫోల్డర్) తెరిచి కీబోర్డు మీద చుక్క నొక్కితే బ్రౌజర్‌లోనే వీఎస్ కోడ్ ఎడిటర్ వస్తుంది, ప్రివ్యూ ఉంటుంది, ఎవరు ఏం మార్చారో చరిత్ర ఉంటుంది. పైసా ఖర్చు లేదు. ఇన్‌స్టాల్ చేసేది కూడా ఏమీ లేదు, ఆఫీసులో ఏ సిస్టమ్ ముందు కూర్చున్నా పని సాగుతుంది.

పీడీఎఫ్ కోసం ఇప్పుడు ఎగుమతి బటన్ జోలికి పోను. సిద్ధమైన పేజీని క్రోమ్‌లో తెరిచి, ప్రింట్ నొక్కి, పీడీఎఫ్‌గా సేవ్ చేస్తాను. ఒత్తులు, గుణింతాలు ఎక్కడివక్కడ ఉంటాయి.

ఒక్క ఇబ్బంది మిగిలింది. తెలుగు అక్షరాల వెడల్పు ఒకేలా ఉండదు కాబట్టి, రాసే చోట పట్టిక గీతలు ఎంత సర్దినా వరసలో నిలబడవు. ప్రివ్యూలో సరిగ్గానే వస్తాయి గనక నేను సర్దడం మానేశాను.