రెండు 3090 గ్రాఫిక్స్ కార్డులకి 850 వాట్ల పవర్ సప్లై చాలదు, చేతులు కాల్చుకుని చెబుతున్నా

ఆర్‌టీఎక్స్ 3090 ఒక్కోటి 350 వాట్లు, రెండు కలిపి 700, ప్రాసెసర్‌కి ఇంకో 125, మొత్తం 825, మరి ఇంట్లో ఉన్న 850 వాట్ల పవర్ సప్లై బొటాబొటీగా సరిపోతుందిలే అనుకున్నా. వైజాగ్ ద్వారకానగర్‌లో అడిగితే షాపతను కూడా "లాగేస్తుంది సార్, ఏం పర్లేదు" అన్నాడు. లాగలేదు. రాత్రి ఏఐ మోడల్ ట్రైనింగ్ పెట్టి పడుకోబోతుంటే, రెండు కార్డులూ ఒకేసారి లోడ్ అందుకున్నాయో లేదో, టిక్కుమని చిన్న చప్పుడు, ఆ వెంటనే ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. గేమ్ ఆడితే గంటల తరబడి బాగానే ఉండేది కాబట్టి వారం రోజులు ర్యామ్‌ని అనుమానించా, పాపం.

అసలు సంగతేంటంటే ఈ కార్డులు కొన్ని మిల్లీసెకన్ల పాటు 350ని దాటి చాలా పైకి ఎగురుతాయి. ప్లగ్గు దగ్గర పెట్టే మీటర్‌లో అది కనపడదు గానీ పవర్ సప్లైలోని రక్షణ సర్క్యూట్ పసిగట్టి ఆపేస్తుంది.

ఇప్పుడు కోర్సెయిర్ హెచ్‌ఎక్స్ 1200 అనే 1200 వాట్ల పవర్ సప్లై వాడుతున్నా. మూడు నెలలైంది, ఒక్కసారి కూడా ఆగలేదు. 80 ప్లస్ ప్లాటినం (కరెంటు వృథా తక్కువని చెప్పే రేటింగ్), పదేళ్ల వారంటీ. లోడ్ తక్కువున్నప్పుడు ఫ్యాన్ అసలు తిరగదు, మన వైజాగ్ ఉక్కపోతలో అది చూసి మొదటి రోజే పాడైందేమోనని టెన్షన్ పడ్డా. ధర మాత్రం గట్టిగానే తగిలింది.

కేబుళ్ల దగ్గర బద్ధకించొద్దు. ఒక 8 పిన్ కనెక్టర్ లెక్క 150 వాట్లు, ఒకే కేబుల్‌కి రెండు తలలున్నాయి కదా అని రెండూ ఒకే కార్డుకి గుచ్చకుండా విడివిడి కేబుళ్లు వేయండి. పాత సప్లై కేబుళ్లు కొత్తదానికి అస్సలు పెట్టొద్దు, చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపల పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు, కార్డు కాలిపోతుంది.

ఇంకోటి, మా ఎంవీపీ కాలనీ ఇంట్లో ముందు 6 ఆంప్స్ ప్లగ్గుకి ఎక్స్‌టెన్షన్ బాక్స్ వేసి, దానికే రెండు మానిటర్లు కూడా తగిలించా. అరగంటకి బాక్స్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. ఏసీ కోసం వేయించిన 16 ఆంప్స్ పాయింట్‌కి మార్చేశాక ఆ బాధ పోయింది, ఏసీ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది, అది వేరే గొడవ.

మూడో కార్డు ఆలోచన ఉంటే 1600 వాట్లవే చూడండి. నేను మాత్రం ప్రస్తుతానికి ఒక్కో కార్డుని 280 వాట్లు దాటకుండా సెట్టింగ్‌లో కట్టేశా, ట్రైనింగ్ కాస్త నెమ్మదించింది గానీ గది మునుపటంత కాగడం లేదు.