నాయక్ అంటే నాయకుడు కాదు: కడపలో మా చిన్నాయన శిలాఫలకం చెక్కిచ్చిన షాపు

1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్‌లో పోయినాడు మా చిన్నాయన, ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో, నాయక్. కమలాపురం దగ్గర మా ఊరి స్కూలు గేటు పక్కన అప్పట్లో ఒక కడప బండ మీద పేరు చెక్కిచ్చి నిలబెట్టినారు, అది పొరలు పొరలుగా లేచిపోయి ఇప్పుడు సగం అక్షరాలు కూడా కనపడవు, ఆ దావన పోయినప్పుడల్లా కడుపులో దేవినట్లుంటాది. ఈసారి జులై 26 కార్గిల్ విజయ్ దివస్‌కి కొత్తది పెట్టాలనుకున్న్యాం.

ముందు వేరే చోట ఇచ్చినాం. మేం నాయక్ అని రాసిస్తే అక్షరం తప్పు పోయిందనుకోని నాయకుడు అని చెక్కేసినారు. లాన్స్ నాయక్ పైన, హవల్దార్ కింద, చేతి మీద రెండు పట్టీలుండే ర్యాంకు అది, ఆయన కష్టపడి తెచ్చుకున్నది. మా జేజికి చదువు రాదు గానీ సంగతి తెలిసి ఆ రాయి ఊర్లోకి తేవద్దురా అనింది.

అట్ల ఈ షాపుకొచ్చినాం. షాపు అన్న రేటు చెప్పకముందే ఆర్మీ కాగితం ఉందా అని అడిగినాడు, నంబరు, ర్యాంకు, పేరు దాంట్లో చూసి రాసుకున్న్యాడు. కడప బండ అంటే నాపరాయి కదా, అరుగులకు బాగుంటాది గానీ ఎండకూ వానకూ నిలబెడితే పొర లేస్తాది, బ్లాక్ గ్రానైట్ తీసుకోండన్నాడు. ఫొటో లేజర్‌తో వేయిద్దామంటే అది పైపైన గీతే, పేరు మాత్రం ఉలితో లోతుగా కొడతా, రంగు పోయినా వేలికి తగలాల అన్నాడు. చిన్నాయన టోపీ బ్యాడ్జీ ఇస్తే ఫిరంగి బొమ్మ, పైన హిందీలో సర్వత్ర అని ఉండేది కూడా అట్లనే దించినాడు.

ఢిల్లీలో 2019లో కట్టిన వార్ మెమోరియల్ త్యాగ చక్రంలో ఒక్కొక్కరికి ఒక్కో గ్రానైట్ పలక, బంగారు రంగు అక్షరాలు, మా తమ్ముడు తీసిన ఫొటో చూపిస్తే మాకూ అదే రంగు వేసినాడు. ఇంగోటి, ఆవిష్కరించినోళ్ళ పేర్లు అదే రాతి మీద పెద్దగా వేయమని ఊర్లో కొందరు పట్టు పట్టినారు, చాలా ఊర్లలో పోయినాయన పేరు కన్నా అవే పెద్దగా ఉంటాయి, నాకు అది అస్సలు నచ్చదు. అన్నే వాళ్ళకు నచ్చజెప్పి కింద వేరే చిన్న రాయి పెట్టినాడు.

రాయి, చెక్కుడు, ఆటో అన్నీ కలిపి 18,500 అయింది. రెండు రోజులు లేటు చేసినాడు గానీ 25 సాయంత్రానికి దగ్గరుండి నిలబెట్టి పోయినాడు. జేజి వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం తడుముకుంటా పోయింది, ఇది ఏందిరా ఇది ఏందిరా అని అడుగుతాంటే చదివి చెప్పినా.

5 స్టార్లు. పోయేటోళ్ళు ఆర్మీ రికార్డు ఆఫీసు కాగితం జిరాక్స్ తీసుకోని పోండి, చెక్కేముందు పేపర్ మీద ప్రింట్ ఇస్తాడు, ఇంట్లో ఇద్దరు ముగ్గురు చదివినాకనే సంతకం పెట్టండి.