ఐరోపా పరిశోధనా మండలి: నిర్ణయం శాస్త్రవేత్తల చేతిలో ఉన్న నిధి

కాకినాడ, అమలాపురం, భీమవరం, రాజమహేంద్రవరం కళాశాలల్లో ఎమ్మెస్సీ ముగించి పరిశోధన కోసం ఐరోపా వైపు చూస్తున్న విద్యార్థులు మొదట అడిగేది ఏ దేశం మంచిది, ఏ విశ్వవిద్యాలయానికి పేరుంది అని. అక్కడి ప్రయోగశాలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, అది ఎవరికి దక్కాలో ఎవరు తేలుస్తున్నారు అన్న ప్రశ్న దాకా వారి ఆలోచన సాధారణంగా వెళ్లదు. ఒక పరిశోధకుడు తాను నమ్మిన ప్రశ్నను అయిదేళ్లపాటు వదలకుండా పట్టుకోగలడా, లేక ఏడాదికొకసారి ఎవరి ప్రాధాన్యాలకో తగినట్టు దిశ మార్చుకోవలసి వస్తుందా అన్నది ఆ ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే డెల్టా విద్యార్థులకు దారి చూపే ఒక అధ్యాపకుడిగా, ఐరోపా పరిశోధనా మండలిని, అంటే అందరూ ఇ.ఆర్.సి. అని పిలిచే సంస్థను, పరిశోధకులకు అందే ఒక ప్రజాసేవగా తీసుకుని ఇక్కడ సమీక్షిస్తున్నాను. మండలి ప్రతి ఏటా వెలువరించే పని ప్రణాళికలూ, దరఖాస్తుదారుల మార్గదర్శకాలూ, ఆ నిధులతో నడిచే బృందాల్లో పనిచేస్తున్న మన ప్రాంతపు యువకులు చెప్పే మాటలూ ఈ సమీక్షకు ఆధారం.

మండలి 2007లో ఐరోపా సమాఖ్య ఏడవ పరిశోధనా కార్యక్రమంలో భాగంగా మొదలైంది. అప్పటికి ఆ కార్యక్రమాల డబ్బులో ఎక్కువ భాగం ముందే నిర్ణయించిన అంశాల మీద, అనేక దేశాల సంస్థలు కూటమి కట్టి చేసే పనులకు వెళ్లేది. ఇ.ఆర్.సి. ఆ పద్ధతిని పక్కన పెట్టి ఒక్క పరిశోధకుడికి, అతడు ఎంచుకున్న ప్రశ్నకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. అంశం ఫలానాదే అయి ఉండాలన్న నిబంధన లేదు, ఏ దేశానికీ కోటా లేదు, పరిశీలించేది ప్రతిపాదనలోని శాస్త్రీయ శ్రేష్ఠతను మాత్రమే. భౌతిక, ఇంజనీరింగు శాస్త్రాలు, జీవశాస్త్రాలు, సామాజిక, మానవీయ శాస్త్రాలు అనే మూడు విభాగాల కింద 28 నిపుణుల బృందాలు ఈ పరిశీలన చేస్తాయి. పరిశోధనలో తొలి అడుగులు వేస్తున్నవారికి స్టార్టింగ్ గ్రాంటు అయిదేళ్లకు 15 లక్షల యూరోల దాకా, నిలదొక్కుకుంటున్నవారికి కన్సాలిడేటర్ గ్రాంటు 20 లక్షల దాకా, అనుభవజ్ఞులకు అడ్వాన్స్‌డ్ గ్రాంటు 25 లక్షల దాకా అందుతుంది. ఇద్దరి నుంచి నలుగురు ప్రధాన పరిశోధకులు కలిసి చేసే సినర్జీ గ్రాంటు ఆరేళ్లకు కోటి యూరోల వరకూ ఉంటుంది. 2021 నుంచి 2027 వరకు నడిచే సమాఖ్య పరిశోధనా కార్యక్రమం హొరైజన్ యూరప్‌కు మొదట నిర్ణయించిన మొత్తం బడ్జెట్టు దాదాపు 9,550 కోట్ల యూరోలు కాగా, అందులో మండలి వాటా దాదాపు 1,600 కోట్లు.

దరఖాస్తు పద్ధతి కఠినమైనదే అయినా అందులో నిజాయతీ ఉంది. మొదటి దశలో అయిదు పేజీల సారాంశాన్నీ, పరిశోధకుడి నేపథ్యాన్నీ నిపుణుల బృందం చదువుతుంది. రెండవ దశలో పూర్తి ప్రతిపాదన ఆయా రంగాల్లో పనిచేసే బయటి పరిశీలకుల దగ్గరికి వెళుతుంది, ఆ తరువాత ముఖాముఖి ఉంటుంది. తిరస్కరణకు గురైనవారికి కూడా పరిశీలకుల వ్యాఖ్యలు అందుతాయి. తన ఆలోచన ఎక్కడ బలహీనంగా ఉందో ఒక యువ పరిశోధకుడికి రాతపూర్వకంగా తెలియడం చిన్న విషయం కాదు. అనేక చోట్ల దరఖాస్తు పంపిన తరువాత మౌనమే సమాధానమవుతుంది. గెలుపు మాత్రం సాధారణంగా వందకు పది నుంచి పదిహేను మందికే దక్కుతుంది. తక్కువ గ్రేడు వచ్చినవారిని కొంతకాలం మళ్లీ దరఖాస్తు చేయనివ్వకపోవడం పరిశీలకుల భారాన్ని తగ్గించడానికేనని మండలి చెబుతుంది. ఆ కారణం అర్థమయ్యేదే అయినా, అనుభవజ్ఞులైన సలహాదారులు లేని చిన్న సంస్థల నుంచి వచ్చినవారికి ఈ నియమం ఎక్కువ నష్టం చేస్తుందని నా ఉద్దేశం.

ఈ సేవలో నేను అన్నిటికంటే ఎక్కువ విలువనిచ్చేది దాని పాలనా విధానానికి. నిధి ఏ తరహా గ్రాంట్లుగా వెళ్లాలి, పరిశీలకులుగా ఎవరుండాలి అన్నది అధ్యక్షుడితో కలిపి 22 మంది సభ్యులున్న శాస్త్రీయ మండలి నిర్ణయిస్తుంది. సభ్యులు తమ తమ దేశాల ప్రతినిధులుగా కూర్చోరు, శాస్త్రవేత్తలుగా, పండితులుగా కూర్చుంటారు. రోజువారీ పనిని బ్రస్సెల్సులోని ప్రత్యేక కార్యనిర్వాహక సంస్థ చూస్తుంది, ఖర్చుకు చట్టపరమైన బాధ్యత ఐరోపా కమిషనుది. డబ్బు ప్రజలది, లెక్క చెప్పే బాధ్యత ప్రభుత్వ యంత్రాంగానిది, శాస్త్రం మీద తీర్పు శాస్త్రవేత్తలది అనే ఈ విభజన కాగితం మీద రాసుకోవడం సులభమే, ఒత్తిడి వచ్చినప్పుడు నిలబెట్టుకోవడమే కష్టం. 2020లో ఆ పరీక్ష వచ్చింది. ఆ జనవరిలో అధ్యక్ష బాధ్యత తీసుకున్న మౌరో ఫెరారీ, కోవిడ్ మహమ్మారి మీద మండలి ఒక ప్రత్యేక కార్యక్రమం చేపట్టాలని కోరారు. అంశాన్ని పైనుంచి నిర్ణయించడం తమకు అప్పగించిన పనికి విరుద్ధమని, పరిశోధకులు తమంతట తాము తెచ్చే ప్రతిపాదనలకే నిధి ఇవ్వాలని శాస్త్రీయ మండలి అభిప్రాయపడింది. ఏప్రిల్‌లో ఆయన ఐరోపా ప్రతిస్పందన పట్ల నిరాశ వ్యక్తం చేస్తూ రాజీనామా చేయగా, తామే మార్చి చివర్లో ఏకగ్రీవంగా ఆయనను తప్పుకోమని కోరామని, అందుకు ఇతర కారణాలు కూడా ఉన్నాయని సభ్యులు ప్రకటించారు. జనం చనిపోతున్న వేళ ఒక పరిశోధనా సంస్థ తన నియమాన్ని పట్టుకు వేలాడటం హృదయం లేని పనిగా కొందరికి తోచింది. నేను మాత్రం సభ్యుల పక్షమే వహిస్తాను. మహమ్మారి మీద పనికి ఐరోపా సమాఖ్యలో వేరే పద్దులు ఉండగా, స్వేచ్ఛగా ఆలోచించడానికి మిగిలిన ఒక్క పద్దును కూడా అటే మళ్లిస్తే అది మళ్లీ మొదటి స్థితికి వస్తుందన్న నమ్మకం ఎవరికీ ఉండదు.

దీనికి భిన్నమైన పద్ధతిలో ఏం జరుగుతుందో అదే ఐరోపాలో చూడవచ్చు. మనిషి మెదడును కంప్యూటర్లలో పునర్నిర్మించాలనే లక్ష్యంతో 2013లో మొదలైన హ్యూమన్ బ్రెయిన్ ప్రాజెక్టును సమాఖ్య ఒక మహా పథకంగా ఎంచుకుంది. మరుసటి ఏడాదే వందలాది నాడీ శాస్త్రవేత్తలు దాని పరిధినీ, నిర్వహణ తీరునూ విమర్శిస్తూ బహిరంగ లేఖ రాశారు. మధ్యవర్తిత్వం తరువాత దాని నాయకత్వ విధానాన్ని మార్చవలసి వచ్చింది. 2023లో ముగిసేనాటికి ఆ పథకం ఉపయోగపడే మెదడు పటాలనూ, సాధనాలనూ ఇచ్చిన మాట నిజమే. కానీ మొదట ప్రకటించిన లక్ష్యం మాత్రం నెరవేరలేదు. పెద్ద పథకాలన్నీ ఇలాగే అవుతాయని మాత్రం నేను అనను. 1954లో 12 దేశాల ఒడంబడికతో ఏర్పడిన కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లో ప్రతి సభ్య దేశానికీ ఒక ఓటు ఉంటుంది, చందా మాత్రం జాతీయ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న యంత్రాన్ని దశాబ్దాల పాటు నడపడానికి అలాంటి ప్రభుత్వాల ఒప్పందమే కావాలి. భారతదేశం 2017 నుంచి అక్కడ అనుబంధ సభ్యురాలు.

మన దేశంలో 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కు పాలక మండలి అధ్యక్షుడు ప్రధానమంత్రి, కార్యనిర్వాహక మండలికి ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు అధ్యక్షత వహిస్తారు. అంత ఉన్నత స్థాయి శ్రద్ధ వల్ల నిధి పెరగవచ్చు. అయితే అంశాల ఎంపికలో శాస్త్రవేత్తల స్వతంత్రత ఎంత వరకు ఉంటుందో ఆచరణలోనే తేలాలి, ఇ.ఆర్.సి. అనుభవాన్ని మన విధాన నిర్ణేతలు నిశితంగా చదవాలని నేను కోరుకుంటున్నాను. ఈ కోరిక డెల్టాకు దూరమైనదేమీ కాదు. మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ వరికి ముంపును తట్టుకునే సబ్‌1 జన్యు భాగాన్ని చేర్చి, అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ రూపొందించిన స్వర్ణ సబ్‌1 రకం 2009లో మన దేశంలో విడుదలైంది. నీట మునిగిన మొక్క తన ఎదుగుదలను ఎలా ఆపుకుని బతుకుతుంది అన్నది మొదట ప్రయోగశాల ప్రశ్నే.

మండలి లోపాల్లో పెద్దది దాని భౌగోళిక అసమానత. ఫ్రాన్సు జాతీయ పరిశోధనా సంస్థ సి.ఎన్.ఆర్.ఎస్., జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థలు, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి వంటివి గ్రాంట్ల జాబితాలో ఎప్పుడూ ముందుంటాయి. రుమేనియా, బల్గేరియా, స్లొవేకియా వంటి దేశాలకు దక్కేవి చాలా తక్కువ. కాలువ మొదట్లో ఉన్న పొలాలు తడిసిన తరువాతే శివారు ఆయకట్టుకు నీరందే స్థితి డెల్టా రైతుకు తెలియనిది కాదు. కోటాలు పెడితే శ్రేష్ఠత అనే ఒకే కొలమానం దెబ్బతింటుందన్న వాదనతో నేను ఏకీభవిస్తాను, కానీ వెనుకబడిన దేశాల విశ్వవిద్యాలయాలను పైకి తెచ్చే పని ప్రత్యేక పద్దుల ద్వారా ఇప్పటి కంటే గట్టిగా సాగాలి. రెండవ లోపం రాజకీయాలది. స్విట్జర్లాండుకు, సమాఖ్యకు మధ్య 2021లో చర్చలు విఫలమైనందువల్ల అక్కడి విశ్వవిద్యాలయాలు కొన్నేళ్లు ఈ గ్రాంట్లకు దూరమయ్యాయి. సమాఖ్య నుంచి వైదొలగిన బ్రిటన్ 2024 జనవరిలో గాని ఈ పరిశోధనా కార్యక్రమంలో మళ్లీ చేరలేదు. ఆ మధ్యకాలంలో గ్రాంటు గెలిచినవారు దేశం మారడమా, గ్రాంటు వదులుకోవడమా అన్న సంకటంలో పడ్డారు. శ్రేష్ఠత ఒక్కటే ప్రమాణమని చెప్పే సంస్థకు ఇది తీరని వెలితి.

2028 నుంచి 2034 వరకు నడవవలసిన తరువాతి కార్యక్రమానికి 17,500 కోట్ల యూరోలు కేటాయించాలని కమిషను 2025 జూలైలో ప్రతిపాదించింది. పోటీతత్వ నిధి అనే మరో పెద్ద పద్దుతో దానిని ముడిపెట్టడం వల్ల పరిశ్రమల అవసరాలు మూల పరిశోధనను మింగేస్తాయేమోనన్న ఆందోళన అక్కడి శాస్త్రవేత్తల్లో ఉంది. మొత్తం ఎంత అన్నదాని కంటే శాస్త్రీయ మండలి అధికారాలు చట్టంలో ఏ మాటలతో మిగులుతాయన్నదే నేను గమనిస్తున్నాను.

ఇక మన విద్యార్థుల సంగతి. దరఖాస్తుకు జాతీయత అడ్డు కాదు. ఐరోపా సమాఖ్యలో గాని, ఒప్పందంతో ఈ కార్యక్రమంలో చేరిన అనుబంధ దేశంలో గాని ఒక సంస్థ ఆతిథ్యమివ్వడానికి ఒప్పుకుని లేఖ ఇస్తే చాలు. గ్రాంటు పొందినవారు తమ పని సమయంలో కనీసం సగం ఆ దేశాల్లో గడపాలి. పరిశోధకుడు వేరే సంస్థకు మారితే గ్రాంటును తన వెంట తీసుకువెళ్లగల వీలుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో జీవరసాయన శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి అంత పనిచేసినా అక్కడ స్థిరమైన పదవి దక్కక 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్లవలసి వచ్చింది. మనిషిని బట్టి వచ్చి మనిషితో నడిచే నిధి ఆ రోజుల్లో ఉండి ఉంటే ఆయన జీవితం ఎలా ఉండేదో అన్న ఆలోచన ఈ నియమం చదివినప్పుడల్లా నాకు కలుగుతుంది.

ఎమ్మెస్సీ ముగించినవారు సొంతంగా దరఖాస్తు చేయలేరు, దానికి పీహెచ్‌డీ, ఆ తరువాత కొంత పని చూపించాలి. అయితే ప్రతి గ్రాంటు డబ్బులో పెద్ద భాగం డాక్టరేటు విద్యార్థులు, పోస్ట్‌డాక్టరల్ పరిశోధకుల జీతాలకే పోతుంది కనుక ఆ బృందాల్లో ఉద్యోగాలే మనవారికి అసలైన దారి. యూరాక్సెస్ వెబ్‌సైటులో ఆ ఖాళీల ప్రకటనలు వస్తాయి, ఏ గ్రాంటు ఎవరికి, ఏ అంశం మీద దక్కిందో కార్డిస్ అనే బహిరంగ సమాచార నిధిలో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. కార్డిస్‌లో వెతకడం మొదట్లో తికమకగా ఉంటుంది, అంశం పేరు కంటే పరిశోధకుడి పేరుతో వెతికితే త్వరగా దొరుకుతుంది. సమాఖ్య నిధులతోనే నడిచే మరో పీహెచ్‌డీ అవకాశమైన మేరీ క్యూరీ డాక్టరల్ నెట్‌వర్కులకు దరఖాస్తు చేసేవారు మరో నియమం గుర్తుంచుకోవాలి: నియామకానికి ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి ఆతిథ్య దేశంలో నివసించి ఉండకూడదు. ఇక్కడి నుంచి నేరుగా వెళ్లేవారికి ఇది అనుకూలమే, కానీ ఇప్పటికే జర్మనీలోనో ఫ్రాన్సులోనో రెండేళ్ల ఎమ్మెస్సీ చేస్తున్నవారు చదువు ముగియగానే అదే దేశంలో చేరాలనుకుంటే కుదరదు, పొరుగు దేశంలోని స్థానం వెతుక్కోవాలి.