జాగ్రత్త: ‘ష్రింప్ సేఫ్’ (రొయ్యలకి ప్రమాదం లేనివి) అని చెప్పి అమ్మిన మొక్కలతో రొయ్యల కాలనీ మొత్తం పోయింది

హైదరాబాద్‌లో ప్లాంటెడ్ ట్యాంకులు (నిజమైన మొక్కలు పెంచే అక్వేరియంలు) పెట్టుకున్నవాళ్లు, ముఖ్యంగా చెర్రీ రొయ్యలు (అందం కోసం పెంచే చిన్న ఎర్ర రొయ్యలు) పెంచేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. చిన్న నల్ల జాలీ కప్పుల్లో, రాక్‌వూల్ అనే దూదిలో నాటిన మొక్కలు ఇప్పుడు నగరంలో చాలా షాపుల్లో కనిపిస్తున్నాయి. చూడ్డానికి పచ్చగా, నిండుగా ఉంటాయి. అలాంటి మొక్కలు వేసిన మర్నాటికల్లా నా ట్యాంకులో రొయ్యలు వరసగా చనిపోయాయి. చేపలకు మాత్రం ఏమీ కాలేదు. కారణం పురుగుమందు అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

షాపు పేరు రాయడం లేదు. ఇలాంటి సరుకు ఒక్క షాపుకే వచ్చి ఆగిపోదు, అదే లాటు నాలుగైదు చోట్లకు వెళ్తుంది. ఒక పేరు చెబితే మిగతా షాపుల్లో పర్వాలేదు అనుకునే ప్రమాదం ఉంది.

మాది నిజాంపేట వైపు. రెండడుగుల ట్యాంకు, జావా మాస్, అనూబియాస్, కొంచెం క్రిప్టోకోరిన్ అనే నీటి మొక్కలు. అందులో ఎంబర్ టెట్రాలు అనే చిన్న చేపలు, చెర్రీ రొయ్యలు, వాటితో పాటు పిలవకుండానే వచ్చిన రామ్స్‌హార్న్ నత్తలు. ట్యాంకు బాగా సెట్ అయినది, రొయ్యలు పిల్లలు పెట్టి పెట్టి ఎక్కువైపోతే కొన్నింటిని పక్కనే ఇంకో చిన్న ట్యాంకులోకి మార్చాను. ఈ చిన్న ట్యాంకు సంగతి గుర్తుపెట్టుకోండి, అసలు విషయం తేల్చింది అదే.

బోనాల సమయంలో ట్యాంకు ముందు భాగంలో కార్పెట్ (అడుగున తివాచీలా పరుచుకునే పొట్టి మొక్కలు) వేద్దామని షాపుకి వెళ్లాను. మొక్కలు చేతిలోకి తీసుకోకముందే అడిగాను, ట్యాంకులో రొయ్యలున్నాయి, మందు కొట్టిన మొక్కలు కావు కదా అని. ‘ఏం కాదన్నా, ష్రింప్ సేఫే, మేమే ట్యాంకుల్లో వేస్తున్నాం’ అన్నాడు. ఇంటికొచ్చి కప్పులు తీసేసి, దూది మొత్తం వదిలించి, నీళ్లలో బాగా కడిగి నాటాను. దూది విడదీస్తుంటే మధ్యలో ఆవగింజల కంటే కొంచెం పెద్దగా, గోధుమ రంగులో గుండ్రటి గింజలు కనిపించాయి. అవి నెమ్మదిగా కరిగే ఎరువు గుళికలు. మొక్కని నర్సరీలో నీళ్ల బయట పెంచారు అనడానికి అది గుర్తు. వాటిని ఒక్కొక్కటి ఏరి పడేశాను. అవి ట్యాంకులో పగిలితే అమ్మోనియా పెరుగుతుంది, అది వేరే తలనొప్పి.

రాత్రికి రొయ్యల తీరు మారింది. మామూలుగా మాస్ మీద కూర్చుని ముందు కాళ్లతో టకటకా ఏరుకు తింటూ ఉండేవి ఒక్కసారిగా పైకి లేచి, గిరగిరా తిరిగి అద్దానికి కొట్టుకోవడం మొదలుపెట్టాయి. కొన్ని వెల్లకిలా పడిపోయాయి. కడుపు కింద గుడ్లు మోస్తున్న ఒక ఆడ రొయ్య అలా పడి, కాళ్లు మాత్రం వణుకుతూ చాలాసేపు ఉంది. ప్రాణం పోలేదు, లేవలేదు. ఈ హాబీలో ఉన్నవాళ్లకి అది చూడటం ఎంత బాధో చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి సగానికి పైగా పోయాయి, ఆ సాయంత్రానికి కార్పెట్ మొక్కల చుట్టూ ఎర్రగా శవాలే.

షాపుకి ఫోన్ చేస్తే ముందు ‘మీ నీళ్ల ప్రాబ్లం అన్నా’ అన్నాడు. తర్వాత ‘షెల్ మార్చుకోలేక చనిపోయుంటాయి’ అన్నాడు (రొయ్యలు పెరిగేటప్పుడు పాత పెంకు వదిలేస్తాయి, దాని సంగతి). చివరికి ‘మున్సిపాలిటీ వాళ్లు దోమల మందు ఫాగింగ్ చేసుంటారు’ అన్నాడు. ఈ మూడు కారణాలూ నిజంగానే రొయ్యల్ని చంపగలవు, అందుకే కొట్టిపారేయకుండా ఒక్కొక్కటీ చూశాను.

నీళ్లు: రెండు ట్యాంకులకూ అదే మంజీరా నీళ్లు, అదే డ్రమ్ములో నిలవ పెట్టి, అదే డీక్లోరినేటర్ (క్లోరిన్ పోగొట్టే మందు) వేసినవి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. ఎండాకాలం కాదు కాబట్టి వేడి సమస్య లేదు, థర్మామీటర్ 26 డిగ్రీలు చూపించింది. ఇక షెల్ మార్చుకోవడంలో ఇబ్బంది అయితే ఒకటీ అరా పోతాయి, పెద్దవీ పిల్లలూ కలిసి ఒకే రాత్రి పోవు. ఫాగింగ్ పొగ అయితే ఒకే గదిలో, ఒకే స్టాండు మీద ఉన్న రెండు ట్యాంకుల్నీ తాకాలి. చిన్న ట్యాంకులో రొయ్యలు హాయిగా తిరుగుతున్నాయి. రెండింటికీ ఉన్న తేడా ఆ కొత్త మొక్కలు ఒక్కటే.

రాగి కూడా ఆలోచించాను. చేపలకొచ్చే తెల్లమచ్చల జబ్బుకి వాడే కొన్ని మందుల్లో రాగి ఉంటుంది, అది రొయ్యలకి విషం. కానీ రాగి అయితే నత్తలు కూడా చావాలి. నా నత్తలు ఎప్పటిలాగే అద్దం మీద పాకుతున్నాయి. చేపలు బాగున్నాయి, నత్తలు బాగున్నాయి, రొయ్యలు మాత్రమే నరాలు పట్టేసినట్టు గిలగిలా కొట్టుకుని చనిపోయాయి. ల్యాబ్ రిపోర్టు నా దగ్గర లేదు గానీ, ఈ లక్షణాలన్నీ ఒకచోట చేరితే కీటకనాశిని తప్ప ఇంకో జవాబు నాకు తోచడం లేదు.

పొలం సంగతి తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. పత్తిలో పచ్చదోమ, పేనుబంక లాంటి రసం పీల్చే పురుగులకి ఇమిడాక్లోప్రిడ్ కొడతారు కదా, అలాంటి మందులు పురుగు నరాల మీద పనిచేస్తాయి. పురుగులూ రొయ్యలూ ఒకే పెద్ద కుటుంబం, రెండూ కీళ్ల కాళ్ల జీవులే. చేపల నరాల మీద ఇమిడాక్లోప్రిడ్ అంత గట్టిగా పనిచేయదు, అందుకే తక్కువ మోతాదులో చేపలు తట్టుకుంటాయి, రొయ్యలు తట్టుకోలేవు. సైపర్‌మెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ మందులైతే చేపలకూ ప్రమాదమే. భీమవరం, నెల్లూరు వైపు చెరువులున్న బంధువులెవరైనా ఉంటే అడగండి, పక్క పొలం మందు నీళ్లు చెరువులోకి దిగాయంటే రొయ్య రైతు ఎంత కంగారు పడతాడో చెబుతారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇమిడాక్లోప్రిడ్ అంతర్వాహిక మందు, అంటే ఆకు పైన మాత్రమే ఉండదు, మొక్క లోపలికి వెళ్లిపోతుంది. కాబట్టి కొళాయి కింద ఎంత కడిగినా ఉపయోగం లేదు. పటిక నీళ్లలో ముంచడం, బ్లీచ్‌లో ముంచడం, పొటాషియం పర్మాంగనేట్, ఇవన్నీ నత్త గుడ్లకీ నాచుకీ పనికొస్తాయి. లోపలికి ఇంకిన మందుని అవి బయటికి లాగలేవు. ‘పటికలో ముంచి ఇచ్చాం సార్, ఇంక టెన్షన్ లేదు’ అని షాపువాళ్లు అంటే నమ్మకండి. వాళ్లు అబద్ధం చెప్పకపోవచ్చు, కానీ ఆ పని వేరు, ఈ పని వేరు.

మందు ఎందుకు కొడతారంటే, ఈ మొక్కల్లో చాలావాటిని నీళ్లలో పెంచరు. వేర్లు తడిగా, ఆకులు గాల్లో ఉండేలా షెడ్లలో పెంచుతారు, అలా అయితే త్వరగా పెరుగుతాయి, రవాణాకి గట్టిగా ఉంటాయి. గాల్లో ఉన్న ఆకుకి పేనుబంక పడుతుంది, పడితే మందు కొడతారు. బయటి దేశాల నుంచి వచ్చే సరుకైతే, పురుగు లేదన్న సర్టిఫికెట్ లేకుండా ఓడరేవు దాటదు కాబట్టి మందు వాడే అవకాశం ఇంకా ఎక్కువ. మన దగ్గరికి కలకత్తా నుంచి, చెన్నై నుంచి చేతులు మారి వచ్చేసరికి ఎక్కడ ఏం కొట్టారో అమ్మేవాడికే తెలియదు. నాకు అమ్మినవాడికీ తెలియకపోవచ్చు. నా కోపం తెలియకపోవడం మీద కాదు, తెలియకుండానే ‘సేఫే’ అని గ్యారంటీ ఇచ్చి, తర్వాత నా నీళ్ల మీదికి నెట్టేయడం మీద.

రొయ్యల ట్యాంకుకి మొక్కలు కొనేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది టిష్యూ కల్చర్ కప్పులే తీసుకోమని. మూత వేసిన ప్లాస్టిక్ డబ్బాలో, జెల్లీలో వస్తాయి. ల్యాబ్‌లో పెంచినవి కాబట్టి పురుగూ ఉండదు, మందూ ఉండదు, నత్తలూ రావు. ధర ఎక్కువే, మొక్క చిన్నగా ఉంటుంది, మొదట్లో కొంత కరిగిపోతుంది కూడా. అయినా కాలనీ పోగొట్టుకోవడం కంటే అదే చవక. జెల్లీ మాత్రం శుభ్రంగా కడిగేయండి. లేదా తోటి హాబీ వాళ్ల దగ్గర, వాళ్ల రొయ్యల ట్యాంకులోనే పెరిగిన కత్తిరింపులు తీసుకోండి, దీన్ని మించిన భరోసా లేదు. షాపులోనే కొనాలంటే ‘సేఫేనా’ అని అడగకండి, అందరూ అవుననే అంటారు. ‘ఈ లాటు మొక్కలు వేసి రొయ్యలున్న ట్యాంకు చూపించండి’ అని అడగండి. చూపించలేకపోతే ఆలోచించుకోండి.

జాలీ కప్పు మొక్కే కావాలంటే, ట్యాంకులో వేయకుండా వెలుతురు తగిలే చోట బకెట్‌లో పెట్టి, రోజూ నీళ్లు మారుస్తూ కొన్ని వారాలు పెంచండి. నీళ్లలో కొత్తగా వచ్చిన చిగుళ్లు కత్తిరించి వాటినే నాటండి, గాల్లో పెరిగిన పాత ఆకులు పడేయండి. రొటాలా, లుడ్విజియా లాంటి కాడ మొక్కలకి ఇది తేలిక, కార్పెట్ మొక్కలకి కష్టం. ఇంత చేసినా పూర్తి గ్యారంటీ అని నేను అనను, ముప్పు బాగా తగ్గుతుంది అంతే.

పనిలో పనిగా, ఇవే షాపుల్లో లక్కీ బాంబూ, డ్రసీనా, మోండో గ్రాస్, ఊదా రంగు ఆకుల హెమిగ్రాఫిస్‌లని కూడా నీటి మొక్కలని అమ్ముతున్నారు. అవి నేల మీద బతికే మొక్కలు. నీళ్లలో పూర్తిగా ముంచితే కొన్నాళ్లు పచ్చగా కనిపించి కుళ్లిపోతాయి.

ఇప్పటికే వేసేసి, రొయ్యలు గిరగిరా తిరగడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. బతికున్నవాటిని వేరే సెట్ అయిన ట్యాంకు ఉంటే అందులోకి మార్చండి. లేకపోతే కొత్త మొక్కలన్నీ పీకేసి, క్లోరిన్ తీసిన, దాదాపు అదే వేడి ఉన్న నీళ్లతో సగం మార్చండి. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ వేయండి, చాలా రకాల మందుల్ని అది పీల్చుకుంటుంది. గాలి పంపు గట్టిగా పెట్టండి. హడావుడిలో బోరు నీళ్లు పోయకండి. మన దగ్గర చాలా కాలనీల్లో బోరు నీళ్ల గట్టితనం ఎక్కువ, ఒక్కసారిగా టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) పెరిగితే బతికినవి కూడా ఆ దెబ్బకి పోతాయి. పీకేసిన మొక్కల్ని దయచేసి చెరువులోనో కాలువలోనో పారేయొద్దు, చెత్తలో వేయండి.

బిల్లు తీసుకోండి, నోటి మాట కాకుండా ‘రొయ్యలకి పనికొస్తాయి’ అన్న మాట వాట్సాప్‌లో రాయించుకోండి. నా దగ్గర బిల్లు ఉంది, షాపులో నోటితో ‘సేఫే’ అన్న మాటకి మాత్రం రుజువు లేదు. అయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయబోతున్నాను. డబ్బు వెనక్కి వస్తుందన్న ఆశ పెద్దగా లేదు, కానీ ఆ లాటు ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

ఈ వర్షాకాలంలో నగరంలో ఎక్కడైనా జాలీ కప్పుల్లో కార్పెట్ మొక్కలు కొని, చేపలు బాగుండి రొయ్యలు మాత్రమే పోయినవాళ్లు ఉంటే కింద రాయండి. మొక్క పేరు, ఏ నెలలో కొన్నారు, దూదిలో గోధుమ రంగు గుళికలు ఉన్నాయా, నత్తలు బతికాయా, ఈ నాలుగూ రాస్తే చాలు. కొని ఇంకా నాటనివాళ్లు ఆ మొక్కల్ని ఇవాళే బకెట్‌లోకి మార్చండి.