ఎక్స్‌ట్రాక్షన్ 2: ట్రైన్ దాకా అరాచకం, ట్రైన్ దిగాక మామూలే

ఫస్ట్ పార్ట్ 2020లో వచ్చినప్పుడు చివర్లో హీరో, అదే కిరాయి సైనికుడు టైలర్ (క్రిస్ హెమ్స్‌వర్త్) మెడలో బుల్లెట్ దిగి ఢాకాలో బ్రిడ్జి మీంచి నదిలో పడిపోతాడు కదా, ఇంక వీడు ఎలా బతుకుతాడ్రా అనుకున్నాం. 2023 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు సెకండ్ పార్ట్ వదిలారు, అందులో ఎలా బతికాడంటే బతికాడు అంతే 😄 కోమా, హాస్పిటల్, ఆస్ట్రియాలో మంచు మధ్య ఒక చెక్క ఇల్లు, కర్ర పట్టుకుని నడక, ఈలోపు ఇద్రిస్ ఎల్బా టిప్‌టాప్‌గా దిగి ఒక పని అప్పజెబుతాడు, మనోడు కట్టెలు కొట్టి కండలు పెంచి రెడీ అయిపోతాడు. లాజిక్ అడక్కండి, డైరెక్టర్ కూడా మనల్ని అడగనివ్వకుండా లాగించేశాడు.

కథ మూడు ముక్కలే. టైలర్ మాజీ భార్య చెల్లెలు కెటెవాన్, ఆమె ఇద్దరు పిల్లలు జార్జియాలో ఒక జైల్లో ఉంటారు. వాళ్ళు ఏ తప్పూ చేయలేదు, గ్యాంగ్‌స్టర్ అయిన మొగుడు జైల్లో పడితే పెళ్ళాం పిల్లల్ని కూడా తనతో పాటే లోపల ఉంచుకున్నాడు. వీళ్ళని బయటికి తీసుకురావాలి, అదే పని. ఆ గొడవలో మొగుడు చస్తాడు, వాడి అన్న జురాబ్ పగతో వెంటపడతాడు.

ఇక అసలు మ్యాటర్‌కి వస్తా, ఆ 21 నిమిషాల సీన్. జైలు లోపల మొదలై కట్ లేనట్టు సాగుతూ యార్డులో ఖైదీల అల్లర్లు, అక్కణ్ణించి కార్ల ఛేజ్, ఆ తర్వాత ట్రైన్, పైన హెలికాప్టర్లు... నిజానికి చాలా షాట్లని కలిపి అతికించిందే, కెమెరా సర్రున తిరిగినప్పుడో గోడ చాటుకి వెళ్ళినప్పుడో అతుకు పడుతుంది, పట్టుకుందామని చూశా కానీ కాసేపటికి ఆ సంగతే మర్చిపోయా. యార్డులో మనోడి చేతికి నిప్పంటుకుంటుంది, ఆర్పుకోడానికి టైం లేదు, మండుతున్న చేత్తోనే ఎదుటోణ్ణి గుద్దుతాడు చూడండి, అబ్బా!! హెమ్స్‌వర్త్ చేతికి నిజంగానే మంట పెట్టి తీశారంట, కదులుతున్న ట్రైన్ మీద నిజమైన హెలికాప్టర్‌ని దింపారు కూడా. డైరెక్టర్ శామ్ హార్‌గ్రేవ్ స్వయంగా స్టంట్ మాస్టర్, కెప్టెన్ అమెరికా హీరో క్రిస్ ఇవాన్స్‌కి డూప్ చేసిన మనిషి, అందుకే దెబ్బ ఎక్కడ తగులుతుంది, తగిలినోడు ఎటు పడతాడు అన్నది ప్రతి షాట్‌లో క్లియర్‌గా తెలుస్తుంది, ఈ మధ్య యాక్షన్ సినిమాల్లో అలా కనపడటమే గగనమైపోయింది. ఫస్ట్ పార్ట్‌లో ఇలాంటిదే 12 నిమిషాలు ఉంది, అప్పుడే నోరెళ్ళబెట్టాం, ఇది దాన్ని తినేసింది.

ఒకటే సమస్య, ఆ సీన్ అయ్యేసరికి సినిమా ఇంకా సగం కూడా అవదు. తర్వాత వియన్నాలో అద్దాల టవర్లో ఫైట్లున్నాయి, జిమ్‌లో కొట్టుకునేది బానే ఉంది, కానీ ఆకలి అప్పటికే తీరిపోయింది. పైగా కెటెవాన్ కొడుకు సాండ్రో ఉన్నాడు, ప్రాణాలకి తెగించి వీళ్ళు బయటికి తెస్తే వాడెళ్ళి పెదనాన్నకి ఫోన్ చేసి ఎక్కడున్నామో చెప్పేస్తాడు 🤦 నాన్న గ్యాంగ్‌లో పెరిగిన కుర్రాడు, ఆ కన్ఫ్యూజన్ అర్థమవుతుంది, కానీ రెండు మూడు సీన్లు ఎక్కువ రాసుంటే వాడి మీద కోపం బదులు జాలి వచ్చేది. జురాబ్‌కి కూడా సీరియస్‌గా చూడ్డం తప్ప పెద్దగా పనివ్వలేదు.

ఎమోషన్ అంటే టైలర్ చనిపోయిన కొడుకు గురించి మాజీ భార్యతో మాట్లాడే సీన్ ఒకటి, బిడ్డ జబ్బుతో చివరి రోజుల్లో ఉంటే తండ్రి దగ్గర లేడు, యుద్ధానికి వెళ్ళిపోయాడు. మాజీ భార్యగా ఓల్గా కురిలెంకో కనపడేది కొంచెమే కానీ అక్కడ హెమ్స్‌వర్త్ మొహం చూస్తే వీడు యాక్టింగ్ కూడా చేస్తాడు అనిపించింది.

ఫోన్లో మాత్రం చూడొద్దు, జైలు సీన్లన్నీ చీకటి, పెద్ద టీవీ పెట్టుకుని లైట్లు ఆపేయండి, అది లేకపోతే కనీసం మంచి హెడ్‌ఫోన్స్. పిల్లలు పక్కనుంటే అసలే వద్దు, రక్తం కొంచెం కాదు. ట్రైన్ తర్వాత పాజ్ కొట్టి లేచినా పెద్దగా పోయేదేం లేదు గానీ గోల్షిఫ్తే ఫరహానీ కోసం కూర్చోండి, టైలర్ టీమ్‌లో ఉండే నిక్ పాత్రలో ఆవిడ గన్ పట్టిన ప్రతిసారీ హీరో పక్కకి జరిగితే బాగుండు అనిపించింది, మూడో పార్ట్ తీస్తే ఆవిడనే మెయిన్ పెట్టి తీయండ్రా బాబూ.