తిరుపతిలో అమెరికా క్రీడా ప్రవేశాల సలహా సేవ: సీటు వరకు సరే, ఎండార్స్‌మెంట్ ప్యాకేజీ వద్దు

బాలాజీ కాలనీ నుంచి ఎయిర్ బైపాస్ రోడ్డు దాకా అమెరికా ఎం.ఎస్. సీట్లు ఇప్పిస్తామనే బోర్డులకు కొదవ లేదు గానీ, ఆటలో ప్రతిభ ఉన్న పిల్లలను అక్కడి కాలేజీ జట్లలో చేర్పించే సేవ తిరుపతిలో అరుదుగానే దొరుకుతుంది. టెన్నిస్ ఆడుతూ ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి కోసం అటువంటి సేవ ఒకటి తీసుకున్నాను. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. వారి పనిలో ఒక భాగాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకోవలసి ఉంది, మరొక భాగంపై గట్టి అభ్యంతరం చెప్పవలసి ఉంది. ఆ అభ్యంతరం ఇలాంటి ప్యాకేజీ అమ్మే ఎవరికైనా వర్తిస్తుంది.

వారి దగ్గర రెండు ప్యాకేజీలు ఉన్నాయి. మొదటిది ప్రవేశాలకు సంబంధించినది. దాని రుసుము లక్షన్నర రూపాయలు, జీఎస్‌టీ అదనం. రెండవది ఎండార్స్‌మెంట్లు (ప్రకటనలకు పేరు, ఫొటో ఇచ్చి డబ్బు తీసుకోవడం), ట్రాన్స్‌ఫర్ల (కాలేజీ మారడం) సలహా అని చెప్పేది. దానికి మరో లక్షా పాతికవేలు. రెండూ కలిపి తీసుకుంటే కొంత తగ్గిస్తామని చెబుతారు, ఒత్తిడి కూడా అక్కడే మొదలవుతుంది.

మొదటి ప్యాకేజీలో పని నికార్సుగా జరిగింది. ఆట వీడియోను మెరుపు షాట్లతో నింపకుండా, పూర్తి పాయింట్లు కనిపించేలా, సర్వీసు, రిటర్న్, నెట్ దగ్గరి ఆట విడివిడిగా తెలిసేలా కూర్చారు. అమెరికా కోచ్‌లు ముందుగా చూసేది టెన్నిస్ ఆటగాళ్ల స్థాయిని అంకెల్లో చూపే యూటీఆర్ రేటింగునే కాబట్టి, దాన్ని పెంచే టోర్నమెంట్లు ఏవో, ఊరికే ప్రయాణ ఖర్చు పెట్టించేవి ఏవో నిష్కర్షగా చెప్పారు. కోచ్‌లకు ఉత్తరాలు అమ్మాయి చేతే రాయించి, తప్పులు మాత్రమే దిద్దారు. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంఘపు అర్హతా కేంద్రానికి పదో తరగతి, ఇంటర్ మార్కుల పత్రాలు ఏ రూపంలో పంపాలో వారికి బాగా తెలుసు. ఎన్‌సీఏఏ మూడు స్థాయిల్లో చివరిదైన మూడో డివిజన్ కాలేజీల్లో క్రీడా స్కాలర్‌షిప్పులు ఉండవనీ, హార్వర్డ్, ప్రిన్స్‌టన్ వంటి ఐవీ లీగ్ విశ్వవిద్యాలయాలు కూడా ఆట పేరుతో స్కాలర్‌షిప్ ఇవ్వవనీ మొదటి సమావేశంలోనే చెప్పడం నాకు నచ్చింది. గోడమీద సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ ఫొటో ఉంది; వర్జీనియా విశ్వవిద్యాలయం తరఫున 2007, 2008 సంవత్సరాల్లో ఆయన ఎన్‌సీఏఏ సింగిల్స్ విజేత. మన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయం తరఫున ఆడిన సంగతి కూడా ప్రస్తావించారు. ఇద్దరూ వీరి ద్వారా వెళ్లినవారు కారని అడగకముందే చెప్పారు; ఈ రంగంలో అంత నిజాయితీ అందరికీ ఉండదు.

అయితే ఒప్పందంలో ఒక షరతు దగ్గర ఆగాను. వచ్చిన స్కాలర్‌షిప్పులో పది శాతం సంస్థకు చెల్లించాలని అందులో ఉంది. విద్యార్థిని కాలేజీలో చేర్చి ఆర్థిక సహాయం ఇప్పించినందుకు, దాన్ని ఆధారం చేసుకుని రుసుము తీసుకోవడాన్ని ఎన్‌సీఏఏ నిబంధనలు అంగీకరించవు. నిర్ణీత రుసుము తీసుకోవచ్చు, ఫలితంలో వాటా కూడదు. అటువంటి కాగితం మీద సంతకం పెడితే చిక్కు సంస్థకు కాదు, క్రీడాకారిణి అర్హతకే వస్తుంది. విషయం చెప్పగానే వాదించకుండా ఆ షరతు కొట్టేసి, కొత్త ప్రతి ఇచ్చారు. తెలియక పెట్టారో, తెలిసీ పెట్టారో చెప్పలేను. మీ ఒప్పందంలో ఉందేమో మాత్రం చూసుకోండి.

అసలు అభ్యంతరం రెండో ప్యాకేజీపై. కరపత్రంలో అమెరికన్ ఫుట్‌బాల్ కాలేజీ ఆటగాడు నికో ఇయామలియావా పేరు, కోట్ల రూపాయల అంకెలు, వాటి కింద ‘కాలేజీ మారండి, విలువ పెంచుకోండి’ అనే నినాదం ఉన్నాయి. సలహాదారు మాతో అన్నది కూడా అదే ధోరణిలో ఉంది: “రెండో ఏడాదికి పోర్టల్‌లో పేరు పెడితే పాప రేటు పెరుగుతుంది సార్, మొదటి ఏడాది ఖర్చు అక్కడే వచ్చేస్తుంది.” పోర్టల్ అంటే కాలేజీ మారాలనుకునే క్రీడాకారుల పేర్లు నమోదయ్యే జాబితా. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇంతకన్నా చక్కగా ఎక్కడా అతకదు.

ముందుగా అక్కడ జరిగింది ఏమిటో చెప్పుకోవాలి. కాలేజీ క్రీడాకారులు తమ పేరును, ఫొటోను, గుర్తింపును ప్రకటనలకు ఇచ్చి డబ్బు తీసుకోవడానికి ఎన్‌సీఏఏ 2021 జులై 1 నుంచి అనుమతించింది. దీన్నే ఎన్‌ఐఎల్ అంటున్నారు. అంతకుముందు నెలలోనే, క్రీడాకారులకు ఇచ్చే విద్యా సంబంధ ప్రయోజనాలపై పరిమితులను సవాలు చేసిన ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్పు ఇచ్చింది. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018లోనే మొదలైంది. 2021లో ఒకసారి కాలేజీ మారినా వెంటనే ఆడే వీలు అన్ని ఆటలకూ వచ్చింది. 2023 డిసెంబరులో ఒక ఫెడరల్ కోర్టు జోక్యం చేసుకున్నాక, 2024 ఏప్రిల్‌లో చదువు సరిగా సాగుతున్నంతవరకు ఎన్నిసార్లు మారినా ఆడవచ్చునని నిబంధన సడలించారు. డబ్బు తలుపు, ఊరు మారే తలుపు దాదాపు ఒకేసారి తెరుచుకోవడంతో, చెల్లింపులో తేడా వచ్చిన ప్రతిచోటా కాలేజీ మారడమే బేరానికి ఆయుధమైంది.

ఆ బేరాలు ఎలా ముగిశాయో కరపత్రం చెప్పదు. మాథ్యూ స్లూకా అనే క్వార్టర్‌బ్యాక్ (అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్టు దాడిని నడిపే ఆటగాడు) హోలీ క్రాస్ కాలేజీ నుంచి లాస్ వేగాస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయానికి వెళ్లి, ఆడిన మూడు మ్యాచ్‌లూ జట్టు గెలిచిన తరువాత, 2024 సెప్టెంబరులో సీజన్ మధ్యలోనే తప్పుకున్నాడు. లక్ష డాలర్లు ఇస్తామన్నారనీ, చేతికి వచ్చింది మూడు వేలేననీ అతని వైపువారు ఆరోపించారు. ఆ లక్ష డాలర్ల హామీ ఒక సహాయ కోచ్ నోటిమాటగా ఇచ్చారన్నదే వారి వాదన, కాగితం లేదు. అడుగుతున్న డబ్బు నిబంధనలకు విరుద్ధమని విశ్వవిద్యాలయం ప్రకటించింది. జేడెన్ రషాడాది మరింత పెద్ద అంకె. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చేరడానికి కోటీ ముప్పై ఎనిమిదిన్నర లక్షల డాలర్ల ఒప్పందం కుదిరి రద్దు కావడంతో అతడు అరిజోనా స్టేట్‌కు, అక్కడి నుంచి జార్జియాకు మారాడు. 2024 మే నెలలో అప్పటి ఫ్లోరిడా కోచ్ బిల్లీ నేపియర్‌పైనా, మరికొందరిపైనా దావా వేశాడు. ఇక కరపత్రంలోని ఇయామలియావా 2025 ఏప్రిల్‌లో చెల్లింపుపై వివాదం మధ్య టెన్నెసీ జట్టుకు దూరమై లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏకు వెళ్లాడు. టెన్నెసీలో అందుతున్నదానికన్నా అక్కడ తక్కువకే ఒప్పుకున్నాడని పత్రికలు రాశాయి. విలువ పెంచుకోవడానికి ఉదాహరణగా ఎంచుకున్న మనిషి విషయంలోనే మాట ఇలా ఉంది.

ఈ ముగ్గురూ అమెరికన్ ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్‌లు. అక్కడి కాలేజీ క్రీడల్లో అన్నిటికన్నా ఎక్కువ డబ్బు చుట్టూ తిరిగే స్థానం అది. పైగా ముగ్గురూ అమెరికా పౌరులు. తిరుపతి నుంచి ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై వెళ్లే టెన్నిస్ అమ్మాయి పరిస్థితికీ, వారి పరిస్థితికీ పోలికే లేదు. ఎఫ్-1 విద్యార్థి సెమిస్టరు నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటల వరకు పని చేయవచ్చు; బయట పనికి వేరే అనుమతి కావాలి. ప్రకటనలో నటించడం, దుకాణం ప్రారంభానికి వెళ్లి ఫొటోలు దిగడం, డబ్బు తీసుకుని సామాజిక మాధ్యమాల్లో సరుకును పొగడడం పని కిందకు వస్తాయన్నది వలస చట్టం తెలిసిన న్యాయవాదులు సాధారణంగా చేసే హెచ్చరిక. పర్డ్యూ విశ్వవిద్యాలయం తరఫున ఆడిన బాస్కెట్‌బాల్ తార జాక్ ఈడీ దేశమంతా తెలిసిన ఆటగాడు. కెనడా పౌరుడు కావడం వల్ల తోటివారికి అందిన అవకాశాల్లో చాలావాటిని అందుకోలేకపోయాడు. కాంగో నుంచి వచ్చి కెంటకీ తరఫున ఆడిన ఆస్కర్ షీబ్వే 2022లో జట్టు బహామాస్ వెళ్లినప్పుడు, అమెరికా నేల బయట ఉన్నందువల్ల, అక్కడ ఎండార్స్‌మెంట్ పనులు చేసుకున్నాడు. వీసా గురించి అడిగినప్పుడు మా సలహాదారు ఇచ్చిన జవాబు: “అది అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చు సార్.” లక్షా పాతికవేలు తీసుకునే ప్యాకేజీలో మొట్టమొదటి పేజీలో ఉండవలసిన విషయం అది.

విచిత్రమేమిటంటే, షీబ్వే ఉదాహరణలో ఉన్న ఒక్క పనికొచ్చే దారిని వీరు గమనించనే లేదు. వేసవి సెలవుల్లో తిరుపతికి వచ్చిన అమ్మాయి ఇక్కడి నగల దుకాణానికో, క్రీడా పరికరాల దుకాణానికో ప్రకటన చేసి ఇక్కడే డబ్బు తీసుకునే వీలుందేమో న్యాయవాదిని అడిగి చూసుకోవచ్చు. మొదటి డివిజన్ కాలేజీలో ఉంటే 600 డాలర్లు, ఆపైన విలువ గల బయటి ఒప్పందాలను అక్కడ నమోదు చేయించి ఆమోదం కూడా పొందాలి. ఆ పద్ధతి ఇదీ అని వివరించే సేవ ఉంటే రుసుము ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

ట్రాన్స్‌ఫర్ సలహా ఇంకా బలహీనంగా ఉంది. కాలేజీ మారడమంటే జెర్సీ మారడం ఒక్కటే కాదు. మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో నలభై శాతం, నాలుగో ఏడాదికి అరవై శాతం పూర్తయి ఉండాలన్నది ఎన్‌సీఏఏ మొదటి డివిజన్ లెక్క. పాత కాలేజీ క్రెడిట్లలో కొన్నింటిని కొత్త కాలేజీ ఒప్పుకోకపోతే ఆ శాతాలు అక్కడే పడిపోతాయి. పోర్టల్‌లో పేరు నమోదైన క్షణం నుంచి పాత కాలేజీ ఆ టర్మ్ తరువాత స్కాలర్‌షిప్ ఆపేసే వీలుంది, కొత్త కాలేజీ దొరుకుతుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. విదేశీ విద్యార్థికి వీటిపైన సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉండే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) రికార్డు బదిలీ, వీసాకు ఆధారమైన కొత్త ఐ-20 పత్రం, గడువుల పట్టిక. వీటిలో ఏ ఒక్కటీ రెండో ప్యాకేజీ వివరాల్లో లేదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం తమ ఆటగాడు ఒప్పందం ఉండగానే మయామీకి వెళ్లాడంటూ 2025 జూన్‌లో మయామీ విశ్వవిద్యాలయంపైనే దావా వేసింది. కాగితం లేనివాడి కష్టం ఒక రకమైతే, ఉన్నవాడికి వచ్చే చిక్కు ఇలా ఉంటుంది.

క్రీడాకారులు ఎన్‌సీఏఏపై వేసిన హౌస్ కేసులో 2025 జూన్‌లో ఆమోదం పొందిన రాజీ తరువాత విశ్వవిద్యాలయాలే క్రీడాకారులకు నేరుగా డబ్బు పంచవచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో విశ్వవిద్యాలయానికి పరిమితి సుమారు రెండు కోట్ల అయిదు లక్షల డాలర్లు. కరపత్రం ఈ అంకెను పెద్ద అక్షరాల్లో వేసింది. అందులో అత్యధిక భాగం ఫుట్‌బాల్‌కు, తరువాత పురుషుల బాస్కెట్‌బాల్‌కు వెళుతోందని మాత్రం వేయలేదు. మహిళల టెన్నిస్‌కు ఆ రాజీలో నిజంగా ముఖ్యమైన మార్పు వేరే ఉంది: అంతవరకు జట్టుకు ఎనిమిది స్కాలర్‌షిప్పులే అన్న పరిమితి పోయి, రాజీలో చేరిన విశ్వవిద్యాలయాల్లో పదిమంది ఆటగాళ్ల పరిమితి వచ్చింది. పదిమందికీ ఇవ్వవచ్చు, ఇవ్వాలని లేదు. తల్లిదండ్రులు కోచ్‌ను అడగవలసిన ప్రశ్న ఇది: మీరు ఎంతమందికి ఇస్తున్నారు, ఏటా పునరుద్ధరించే పద్ధతి ఏమిటి, గాయమైతే ఏమవుతుంది. మొదటి ప్యాకేజీ చూసే ఉద్యోగికి ఈ ప్రశ్నలన్నీ తెలుసు, జవాబులు రాతపూర్వకంగా తెప్పించారు కూడా. ఒకే కార్యాలయంలో రెండు బల్లల మధ్య ఇంత తేడా ఉండడం ఆశ్చర్యం కలిగించింది.

పోలిక కోసం ఇక్కడి సంగతి కూడా చూడాలి. ఖేలో ఇండియాకు ఎంపికైన క్రీడాకారులకు ఏటా 6.28 లక్షల రూపాయల సహాయం ఉంది, అందులో 1.20 లక్షలు జేబు ఖర్చుగా నేరుగా చేతికి వస్తుంది. ఆ స్థాయి అందుకున్న పిల్లలు అమెరికా ఎండార్స్‌మెంట్ కలను నమ్మి దాన్ని వదులుకోవడం తెలివైన పని కాదు. చదువు, ఆట రెండూ కలిసి సాగాలనుకునేవారికి, రేటింగు బాగా ఉండి కనీసం సగం స్కాలర్‌షిప్పయినా లేకపోతే వెళ్లబోమని ముందే నిర్ణయించుకున్నవారికి ఈ సంస్థ మొదటి ప్యాకేజీ తగినది. లక్షన్నర ఎక్కువే అనిపించవచ్చు గానీ, చేసిన పనికి ఆ ధర అన్యాయం కాదు.

సంతకానికి ముందు మూడు మాటలు కాగితం మీద పెట్టించుకోండి: రుసుము నిర్ణీతమేనని, రెండో ప్యాకేజీ తీసుకోకపోయినా మొదటిదానిలో ఏ సేవా తగ్గదని, ఏ కోచ్‌తో జరిగిన ఉత్తరప్రత్యుత్తరమైనా విద్యార్థి ఈమెయిల్ నుంచే జరుగుతుందని. జీఎస్‌టీ రసీదు అడిగితేనే ఇస్తారు, కాబట్టి అడగండి. కార్యాలయం ఉదయమే తెరుస్తారు. అయితే అర్హతా కేంద్రం పనులు చూసే ఉద్యోగి అమెరికా వేళలకు తగినట్టు సాయంత్రం వస్తారు. పగలు వెళ్తే మీకు దొరికేది కరపత్రం పట్టుకున్న సలహాదారే.