గజపతినగరం వైపు నుంచి తెప్పించుకునే ప్రకృతి వ్యవసాయం బియ్యం: కొన్నేళ్లు తిన్నాక నా అభిప్రాయం

ఈ బియ్యంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి, పండించిన మనిషిని ఏది అడిగినా సూటిగా జవాబు రావడం. కిలోకు 20 రూపాయలు ఎక్కువ ఎందుకు పోస్తున్నావని ఇంట్లోనూ ఆఫీసులోనూ అడిగిన వాళ్లందరికీ నేను చెప్పేది ఇదే. పోషకాల గురించి, రసాయనాల గురించి అందరూ రాస్తూనే ఉన్నారు కాబట్టి వాటి జోలికి వెళ్లను.

మేము ఉండేది విజయనగరంలో. బియ్యం ఇచ్చే అక్కది గజపతినగరం అవతల ఒక ఊరు. ఆమె స్వయం సహాయక సంఘం సభ్యురాలు. రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని ఊళ్లలోకి తీసుకెళ్లింది ఎక్కువగా ఈ మహిళా సంఘాల ద్వారానే. ఆ పనికి 2024లో గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి వచ్చిందని పేపర్లో చదివి సంబరంగా ఫోన్ చేస్తే, "మీటింగులో చెప్పారమ్మా. ఇంతకీ ఈ నెల బస్తా ఎప్పుడు పంపమంటారు?" అంది. వేసేది శ్రీకాకుళం సన్నాలు, రాగోలు పరిశోధన కేంద్రం వాళ్లు ఇచ్చిన రకం. ధాన్యాన్ని ధాన్యంగానే నిల్వ ఉంచి, నెలనెలా కొంత మర పట్టించి, ఒక్క పాలిష్‌తో ఆపించి పంపుతుంది.

అంతకుముందు కొంతకాలం ఊళ్లోని ఒక దుకాణంలో ప్యాకెట్ బియ్యం కొన్నాను. ప్యాకెట్ మీద ఆవు బొమ్మ, ఆకు బొమ్మ, కిలో 110 రూపాయలు. ఏ ఊళ్లో పండిందని అడిగితే దుకాణదారు కంపెనీ నుంచి వస్తుందన్నాడు. ప్యాకెట్ మీది నంబరుకు ఫోన్ చేస్తే నా పేరు రాసుకుని మళ్లీ చేస్తామన్నారు, చేయలేదు. బియ్యానికి వంక పెట్టలేను, అన్నం బాగానే ఉండేది. నా కోపం వేరే. ఆ 110లో రైతుకు చేరింది ఎంతో చెప్పగల మనిషి ఆ వరుసలో ఒక్కరూ లేరు. ఎక్కువ డబ్బు ఇస్తున్నది రైతు కోసమని నమ్మే నాలాంటి వాళ్లకు అది చిన్న లోపం కాదు.

అక్క బస్తా మీద ఏ ముద్రా ఉండదు. ఆర్గానిక్ అని చెప్పి అమ్మే ఆహారానికి ధ్రువీకరణ ఉండాలని 2017లో ఆహార భద్రతా సంస్థ నిబంధనలు తెచ్చింది, జైవిక్ భారత్ గుర్తు అప్పటిదే. ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు వ్యాపారంతో నేరుగా వినియోగదారుకు అమ్ముకునే చిన్న రైతుకు మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి ముద్ర లేకపోవడం తప్పేమీ కాదు. కానీ కొనేవాళ్లకు మిగిలే హామీ ఆమె మాట ఒక్కటే. ఆ మాట ఎంత గట్టిదో వరికి సుడిదోమ పురుగు పట్టిన ఏడాది తెలిసింది.

ఆ ఖరీఫ్‌లో పొట్ట దశ దాకా పంట బాగుంది. నేను వెళ్లిన రోజున 200 లీటర్ల డ్రమ్ములో, ఎరువుకు బదులు చేనుకు పోసే జీవామృతం కలుపుతున్నారు. పది కిలోల ఆవు పేడ, మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల ఉలవపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. కలపడం కష్టం కాదు. రెండు రోజులు పొద్దునా సాయంత్రం తిప్పి, బిందెలతో మోసి మడి మడికీ పోయడం చూస్తే ఆ 20 రూపాయలు దేనికో బేరం ఆడేవాళ్లకు కూడా అర్థమవుతుంది. తరువాత వానలు ఆగి ఉక్కపోత మొదలైంది. సుడిదోమ దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది, పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. కనబడే వేళకు చేను అక్కడక్కడా సుడులుగా ఎండిపోతూ ఉంటుంది. నీళ్లు తీసి ఆరబెట్టారు, పాయలు తీసి గాలి ఆడేలా చేశారు, వేపాకుతో చేసే నీమాస్త్రం కొట్టారు. సొంత భూమి నిలదొక్కుకుంది. కాలువ పక్కనున్న కౌలు చెక్కలో, అంటే కౌలుకు తీసుకున్న పొలం ముక్కలో, నీళ్లు దిగలేదు.

ఒక సాయంత్రం ఆమే ఫోన్ చేసింది.

"అమ్మా, ఒక మాట చెప్పాలి. కాలువ పక్క చెక్కకు మందు కొట్టించేశాం. కౌలు బస్తాలు కట్టాలి కదా, మరి దారి లేకపోయింది. ఆ ధాన్యం మీకు ఇవ్వను. పై చెక్కదే ఇస్తాను, అందరికీ సగం సగమే వస్తుంది."

ఇది చెప్పకపోయినా నాకు తెలిసేది కాదు. ఎవరికీ తెలిసేది కాదు. రెండు చెక్కల్లోనూ అదే రకం, అదే మర, అదే సంచి. ఏ ముద్రా పట్టుకోలేని సంగతిని, తనకు నష్టమని తెలిసీ, ఆమె మా అందరికీ విడివిడిగా ఫోన్ చేసి చెప్పింది. ఆ మాట విని కొందరు మానేశారు. ఒకాయన, ఈసారి మందు కొట్టినవాళ్లు ఇన్నాళ్లూ కొట్టలేదని నమ్మకమేమిటని ఆమెనే నిలదీశాడట. నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం అది. దాచిన దుకాణాల దగ్గర నోరెత్తని వాళ్లం, ఉన్నది ఉన్నట్టు చెప్పిన రైతును శిక్షిస్తే మరుసటి ఏడాది ఎవరు నిజం చెబుతారు?

మందు కొట్టిన చెక్క ధాన్యాన్ని బజారు ధరకే ఇస్తానంటే ఒక బస్తా బియ్యం నేనూ తీసుకున్నాను, సగం కోటా చాలదు కాబట్టి. ఇక్కడ ఇంకో సంగతి రాయాలి. ఈ బియ్యం రుచి గురించి నేను చాలామందికి గొప్పగా చెప్పి ఉన్నాను. ఆ ఏడాది రెండు బియ్యాలూ పక్కపక్కనే వండాం. మా ఇంట్లో ఎవరమూ తేడా పట్టలేకపోయాం. ఆ రుచిలో ఎక్కువ వంతు రకానిది, అప్పుడే మర పట్టించడానిది, పాలిష్ తగ్గించడానిది అని ఇప్పుడు నా అభిప్రాయం. సన్నాలను మామూలు పద్ధతిలో పండించే రైతు దగ్గర తాజాగా మర పట్టించుకున్నా ఆ రుచి దొరుకుతుంది. రుచి కోసమే అయితే అదనపు డబ్బు అక్కర్లేదు.

మరి దేనికి? ఒక లెక్క చెబుతాను. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. క్వింటాలు ధాన్యానికి 67 కిలోల బియ్యమని ప్రభుత్వ లెక్క. అంటే కిలో బియ్యానికి రైతు చేతికి వచ్చేది 35 రూపాయలు, అదీ మద్దతు ధర పూర్తిగా దక్కితే. అక్క నాకు కిలో 70కి ఇస్తుంది. మర కూలి, గోనె సంచి, ఆటో ఖర్చు పోయినా ధాన్యంగా అమ్ముకునేదానికన్నా ఆమెకు ఎక్కువే మిగులుతుంది. ఎరువులు, పురుగుమందుల ఖర్చు తగ్గినా కలుపు కూలీ, మోత చాకిరీ పెరుగుతాయి, వాటికీ అదే డబ్బు. మంచి ఏడాది వరకు ఈ లెక్క సరిపోతుంది. సుడిదోమ వచ్చిన ఏడాది మాత్రం నష్టం మొత్తం ఆమెదే. మేము కిలోల లెక్కన ఎక్కువ ఇస్తాం, పండని కిలోలకు ఏమీ ఇవ్వం. అందుకే ఆ తరువాతి ఏడాది మాలో కొందరం ఊడ్పులకు ముందే కొంత డబ్బు ఇచ్చాం, పంట తగ్గితే తిరిగి అడగకూడదనే షరతుతో. నిజాయితీకి ఎక్కువ ధర ఇస్తామని చెప్పేవాళ్లు దీనికి కూడా సిద్ధపడాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇబ్బందులు లేకపోలేదు. తవుడు పొర మిగిలి ఉంటుంది కాబట్టి ఆషాఢం, శ్రావణాల్లో బియ్యం త్వరగా ముక్కవాసన వేస్తుంది, ముక్కపురుగు కూడా పడుతుంది. నెలకు సరిపడా మాత్రమే తెప్పించుకోవాలి. పంపే రోజు ఆటో మీద, మర మీద ఆధారపడి ఉంటుంది. పండగ ముందు బస్తా రాక బజారు బియ్యంతో గడిపిన సందర్భాలు ఉన్నాయి. నూక ఎక్కువ.

ఆమె దగ్గరే చోళ్లు (రాగులు) కూడా కొంటాం. అంబలికి అవి బాగుంటాయి. అయితే వాటికి ఎక్కువ ధర పెట్టమని ఎవరికీ చెప్పను. మెట్ట మీద పండే చోడికి పురుగుమందు కొట్టడం మా వైపు నేనెప్పుడూ చూడలేదు. రైతుబజారులో దొరికేవే చాలు. అదనంగా పెట్టగలిగేది కొద్ది డబ్బే అయితే వంకాయ, కాలీఫ్లవర్, పచ్చిమిరప మీద పెట్టడం మేలు. ఎక్కువగా మందు కొట్టేది వాటికే.

ఇవన్నీ నా పరిస్థితుల నుంచి రాస్తున్న మాటలు. మేము ముగ్గురమే, రెండు జీతాలు, రాత్రి చపాతీ, నెలకు బియ్యం 15 కిలోలు మించవు. అంటే మాకు నెలకు అదనపు భారం 300 రూపాయలు. మూడు పూటలా అన్నమే తినే ఆరుగురి ఇంట్లో అది వెయ్యి రూపాయల దాకా వెళుతుంది, రేషన్ బియ్యం కాదని ఇది కొనమని అలాంటి ఇంటికి నేను చెప్పలేను. మాకు ఆ ఊరు దగ్గర, బస్సెక్కి వెళ్లి చేను చూసి రాగలం. హైదరాబాదులో ఉన్న మా చెల్లెలికి ఆ వీలు లేదు. ఇదే బియ్యం కొరియర్‌లో తెప్పించుకుంటే ధర దాదాపు రెట్టింపు అవుతోంది, అందుకే తనకు వద్దనే చెప్పాను. ఈ ఖరీఫ్ డబ్బు మాత్రం మేము ఇచ్చేశాం. కాలువ పక్క కౌలు చెక్కను అక్క ఈసారి వదిలేసింది, బియ్యం కొంచెం తక్కువే వస్తుందని ముందే చెప్పింది.